335 హార్స్‌పవర్ అనే అబద్ధం: డ్రాగ్ రేసింగ్‌లో న్యాయం ఎవరికి?

ఈ ఎపిసోడ్ కార్ల గురించి. కానీ ఎద్దులతో మొదలుపెడతాను. రెండు నిమిషాలు ఓపిక పట్టండి, లింక్ మీకే తెలుస్తుంది.

మన దగ్గర సంక్రాంతికి, ఉగాదికి, తిరునాళ్లకి బండలాగుడు పోటీలు పెడతారు కదా. ఒంగోలు గిత్తలు, పెద్ద బండరాయి, చుట్టూ జనం, మైకులో కామెంటరీ. చూసినవాళ్లకి ఒక విషయం తెలిసే ఉంటుంది. అన్ని జతల్నీ కలిపి ఒకే పోటీలో దించరు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన జూనియర్స్, సీనియర్స్, ఇలా విభాగాలు ఉంటాయి. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసి ఏ విభాగమో తేలుస్తారు. ఒక్కో విభాగానికి బండ బరువు వేరు. ఇచ్చిన టైమ్‌లో ఎక్కువ దూరం లాగిన జతకి ఫస్ట్ ప్రైజ్.

ఇప్పుడు ఒక సీన్ ఊహించుకోండి. ఒక జత వరసగా నాలుగు ఊళ్లలో గెలిచింది. ఐదో ఊళ్లో కమిటీ వాళ్లు వచ్చి, "మీ ఎద్దులు మరీ బాగా లాగుతున్నాయండీ, మీ బండ మీద ఇంకో క్వింటా వేస్తున్నాం" అన్నారు. అక్కడితో ఆగలేదు. "మీ ఊరి నుంచి వచ్చే ప్రతి జతకీ ఇదే లెక్క" అన్నారు. ఏమవుతుంది? పెద్ద గొడవవుతుంది కదా.

అమెరికాలో అమెచ్యూర్ డ్రాగ్ రేసింగ్‌లో ఒక కేటగిరీ ఉంది. అక్కడ దాదాపు ఇదే పని చేస్తారు, అదీ రూల్ బుక్ ప్రకారం. ఆ రూల్ ఎందుకు పుట్టిందో వింటే "కరెక్టే కదా" అనిపిస్తుంది. ఇంకాస్త లోపలికి వెళ్తే "ఇది అన్యాయం బ్రో" అనిపిస్తుంది. నాకు రెండూ అనిపించాయి. చివరికి ఎక్కడ తేలానో చెప్తాను.

ముందు బేసిక్స్. డ్రాగ్ రేస్ అంటే తిన్నటి రోడ్డు, రెండు లేన్లు, రెండు కార్లు. దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. లైట్లు పడగానే బయల్దేరాలి, ఎవరు ముందు చేరితే వాళ్లు గెలిచినట్టు. బయల్దేరినప్పటి నుంచి లైన్ దాటేదాకా పట్టిన టైమ్‌ని ఈటీ అంటారు. లైన్ దగ్గర కారు ఎంత స్పీడ్‌లో ఉందో అది ట్రాప్ స్పీడ్. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి.

1951లో వాలీ పార్క్స్ అనే ఆయన కాలిఫోర్నియాలో ఎన్‌హెచ్‌ఆర్ఏ అనే సంస్థ పెట్టాడు. పూర్తి పేరు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్. కుర్రాళ్లు వీధుల్లో రేసులు పెట్టుకుని చచ్చిపోతున్నారు, వాళ్లని ఒక సేఫ్ ట్రాక్ మీదకి తీసుకురావాలన్నది ఉద్దేశం. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రిపూట బైకులు వేసుకెళ్లే బ్యాచ్‌కి ఈ మాట కాస్త వినపడాలి. రేసంటే ట్రాక్ మీదే.

టీవీలో, రీల్స్‌లో మనం చూసే మంటలు కక్కే డ్రాగ్‌స్టర్లు ప్రొఫెషనల్స్‌వి. కానీ ఈ ఆట బతికేది అమెచ్యూర్ల వల్ల. వాళ్లని స్పోర్ట్స్‌మన్ రేసర్లు అంటారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉద్యోగమో, షాపో, మెకానిక్ షెడ్డో. వీకెండ్ వస్తే కారుని ట్రైలర్ మీద ఎక్కించుకుని వందల మైళ్లు వెళ్తారు. చాలామందికి పెట్టిన డబ్బు ప్రైజుల్లో తిరిగి రాదు. వచ్చినా పెట్రోలు ఖర్చులకే సరి. మరి ఎందుకు చేస్తారు? నా కారు నేను కట్టుకున్నాను, నా క్లాస్‌లో నేనే ఫాస్ట్ అనిపించుకోవడానికి. అంతే. అందుకే క్లాస్ రూల్ తప్పుగా ఉంటే వీళ్లకి అంత మంట. వీళ్లు ఆడేదే ఆ పేరు కోసం.

మనం మాట్లాడుకునే కేటగిరీ పేరు స్టాక్ ఎలిమినేటర్. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మోడల్స్‌ని, తక్కువ మార్పులతో పరిగెత్తించే కేటగిరీ. ఇందులో 1960ల నాటి కమారో ఉంటుంది, మస్టాంగ్ ఉంటుంది, పాత స్టేషన్ వ్యాగన్ కూడా ఉంటుంది. ఇన్ని రకాల కార్లని ఎలా విడదీయాలి? ఎద్దుకైతే పళ్లు చూస్తాం. కారుకి ఏం చూడాలి?

వాళ్లు చూసేది బరువుని హార్స్‌పవర్‌తో భాగిస్తే వచ్చే నంబర్. ఉదాహరణకి కారు 3,300 పౌండ్లు, ఇంజిన్ 330 హార్స్‌పవర్ అనుకుందాం. అంటే ఒక్కో హార్స్‌పవర్ 10 పౌండ్లు మోస్తోంది. ఇంకో కారు 4,000 పౌండ్లు, 400 హార్స్‌పవర్. అక్కడా 10 పౌండ్లే. కాబట్టి రెండూ ఒకే క్లాస్. ఐడియా చాలా నీట్‌గా ఉంది. బరువైన కారుకి పెద్ద ఇంజిన్, తేలిక కారుకి చిన్న ఇంజిన్, లెక్క సరిపోయింది.

బరువు సంగతి ఓకే. కారుని కాటా మీద పెడితే తెలిసిపోతుంది. హార్స్‌పవర్? అది ఎవరు చెప్పారు? మొదట్లో కంపెనీయే చెప్పింది. అసలు గొడవ మొదలయ్యింది అక్కడే.

1968కి వెళ్దాం. ఫోర్డ్ వాళ్లు మస్టాంగ్‌లో 428 కోబ్రా జెట్ అనే ఇంజిన్ పెట్టారు. 428 క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో 7 లీటర్లు. కాగితం మీద పవర్ ఎంత రాశారు? 335 హార్స్‌పవర్. ఆ ఇంజిన్ తెలిసినవాళ్ల అంచనా అయితే 400 దరిదాపుల్లో ఉంటుంది. షోరూముల్లోకి మామూలుగా రాకముందే, ఆ ఏడాది కాలిఫోర్నియాలోని పోమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్‌కి ఫోర్డ్ ఆ కార్లని పంపింది. అక్కడ సూపర్ స్టాక్ టైటిల్ అల్ జోనియెక్ కోబ్రా జెట్ మస్టాంగ్‌తో గెలిచాడు.

ఇప్పుడు లెక్క వేయండి. కారు 3,350 పౌండ్లు అనుకుందాం. 335తో భాగిస్తే 10. అసలు పవర్ 400 అయితే 8.4 దగ్గర రావాలి. అంటే కాగితం వల్ల ఆ కారు తనకంటే బలహీనమైన కార్ల మధ్యలో నిలబడుతోంది. డిగ్రీ చదివేవాడు పదో తరగతి క్విజ్‌లో కూర్చున్నట్టు. వాడు కాపీ కొట్టలేదు, పేపర్ లీక్ చేయలేదు. హాల్ టికెట్ మీద క్లాస్ తప్పు పడింది, అంతే.

ఇంకో ఉదాహరణ నాకు భలే ఇష్టం. 1967 షెవర్లే కార్వెట్ ఇంజిన్లలో రెండింటిని చూడండి. రెండూ 427 క్యూబిక్ అంగుళాలే. ఎల్71 అనే దానికి 435 హార్స్‌పవర్ అని రాశారు. ఎల్88 అనేది అచ్చంగా రేసింగ్ కోసం చేసినది, రేటు కూడా ఎక్కువ. దానికేమో 430 రాశారు! నిజానికి అది 500 పైన ఇస్తుంది. మామూలు కస్టమర్ "తక్కువ పవర్‌కి ఎక్కువ డబ్బు ఎందుకు" అని వదిలేయాలి. తెలిసినవాడు మాత్రమే కొనాలి. అందుకని అలా రాశారు.

కంపెనీలు ఎందుకు తక్కువ రాసేవి? ఒకటి, అప్పట్లో పవర్ ఎక్కువున్న కార్లకి ఇన్సూరెన్స్ ప్రీమియం బాగా పెంచేశారు. రెండు, జనరల్ మోటార్స్‌లో లోపల ఒక పరిమితి ఉండేది: కార్వెట్ తప్ప మిగతా కార్లు 10 పౌండ్లకి ఒక హార్స్‌పవర్ దాటకూడదు. అందుకే కాగితం మీద లోపలికి సర్దేవాళ్లు. మూడు, రేస్‌లో అనుకూలమైన క్లాస్ దొరుకుతుంది.

అంతకుముందు రివర్స్‌లో కూడా జరిగింది. పాత అమెరికన్ పద్ధతిలో ఇంజిన్‌ని కారులోంచి బయట పెట్టి, ఎయిర్ క్లీనర్ లాంటివేవీ లేకుండా, మామూలు సైలెన్సర్ లేకుండా కొలిచేవారు. దాన్ని గ్రాస్ పవర్ అంటారు. 1972 నుంచి కంపెనీలు నెట్ పవర్‌కి మారాయి, అంటే కారులో ఉన్నట్టే అన్నీ తగిలించి కొలవడం. కాడిలాక్ ఎల్డొరాడో 8.2 లీటర్ ఇంజిన్ 1971లో 365 హార్స్‌పవర్. 1972లో 235. ఇంజిన్ అదే. మారింది కొలిచే పద్ధతి. 130 గుర్రాలు ఒక్క రాత్రిలో మాయం!

కాబట్టి ఫస్ట్ పాయింట్ ఇది. కాగితం మీద హార్స్‌పవర్ అనేది ఎవరో, ఏదో అవసరం కోసం రాసిన నంబర్. దాన్ని నమ్మి క్లాసులు పెడితే, ఏ కంపెనీ ఎంత తెలివిగా రాసిందో వాళ్ల కారు గెలుస్తుంది. డ్రైవర్ సత్తా వెనక్కి పోతుంది.

మరి ఎన్‌హెచ్‌ఆర్ఏ ఏం చేసింది? "మీ నంబర్ మీ దగ్గరే ఉంచుకోండి, మా పుస్తకంలో మా నంబర్ వేసుకుంటాం" అంది. దీన్ని ఫ్యాక్టరింగ్ అంటారు. కోబ్రా జెట్‌కి కూడా అలాగే వాళ్ల పుస్తకంలో నంబర్ పెరిగింది. తర్వాతి కాలంలో దీనికి ఒక సిస్టమ్ పెట్టారు: ఆటోమేటిక్ హార్స్‌పవర్ ఫ్యాక్టరింగ్ సిస్టమ్.

అది ఎలా పనిచేస్తుందంటే, ప్రతి క్లాస్‌కీ ఇండెక్స్ అని ఒక టైమ్ ఉంటుంది. "ఈ క్లాస్ కారు ఇంతలో రావాలి" అనే ఒక స్టాండర్డ్. బాగా కట్టిన కార్లన్నీ దానికంటే తక్కువ టైమ్‌లోనే వచ్చేస్తాయి. కానీ ఒక పరిమితిని మించి మరీ తక్కువ టైమ్‌లో వస్తే, ఆ ఇంజిన్ కాంబినేషన్‌కి హార్స్‌పవర్ కలుపుతారు. కారులో ఏమీ మారదు. పుస్తకంలో నంబర్ మారుతుంది.

"పది హార్స్‌పవర్ కలిపితే ఏమవుతుంది, అంత గోలెందుకు" అనుకుంటారేమో. లెక్క వేద్దాం. మన 3,300 పౌండ్లు, 330 హార్స్‌పవర్ కారుకి పది కలిపారు. ఇప్పుడు 340. అదే క్లాస్‌లో అదే పోజిషన్‌లో ఉండాలంటే బరువు 3,400 ఉండాలి. అంటే 100 పౌండ్లు, దాదాపు 45 కేజీలు ఎక్కువ. మన ఇంట్లో రెండు బియ్యం బస్తాలు డిక్కీలో వేసుకుని రేస్‌కి వెళ్లినట్టు.

పావు మైలు టైమ్‌కి ఒక పాపులర్ ఫార్ములా ఉంది. బరువుని పవర్‌తో భాగించి, దానికి క్యూబ్ రూట్ తీసి, 5.825తో గుణిస్తే సుమారుగా ఈటీ వస్తుంది. క్యూబ్ రూట్ కాబట్టి, బరువు 3 శాతం పెరిగితే టైమ్ 1 శాతం పెరుగుతుంది. 11 సెకన్ల కారుకి 1 శాతం అంటే 0.11 సెకను. చిన్నదే అనిపిస్తుంది. కానీ ఫినిష్ లైన్ దగ్గర ఆ కారు గంటకి 190 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉంటుంది. ఆ స్పీడ్‌లో 0.11 సెకనులో దాదాపు 6 మీటర్లు పోతుంది. ఒక స్విఫ్ట్ కారు పొడవు 4 మీటర్ల లోపే. అంటే కారున్నర దూరం. నెలల తరబడి పనిచేసి సంపాదించుకున్న లీడ్ పుస్తకంలో ఒక్క లైన్‌తో పోతుంది.

ఇక అసలు ట్విస్ట్. ఆ పది హార్స్‌పవర్ ఫాస్ట్‌గా వెళ్లిన ఆ ఒక్క కారుకి మాత్రమే పడదు. ఆ మోడల్, ఆ ఇంజిన్ కాంబినేషన్ వాడే అందరికీ పడుతుంది. ఎక్కడో ఇంకో రాష్ట్రంలో, అదే ఇంజిన్‌తో, తక్కువ బడ్జెట్‌లో కిందామీదా పడుతున్న ఒకాయనకి కూడా. ఆయన ఆ రోజు ట్రాక్ దగ్గరే లేడు. రేస్ చూడలేదు. అయినా ఆయన కారుకీ అదే శిక్ష. ఎద్దుల కమిటీ "మీ ఊరి జతలన్నిటికీ" అన్నది గుర్తుందా? ఇదే అది.

దీంతో ఏం జరుగుతుందో ఆలోచించండి. ఫాస్ట్‌గా వెళ్లగలిగినవాడు ఫాస్ట్‌గా వెళ్లడు. ఫినిష్ లైన్‌కి ముందే యాక్సిలరేటర్ వదిలేస్తాడు, లేదా బ్రేక్ కొడతాడు. దీన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు. అసలు దమ్ము చూపించకుండా దాచుకోవడం.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. స్టాక్‌లో ఎక్కువ రేసులు హ్యాండికాప్ మీద జరుగుతాయి. "నా కారు 11.20లో వస్తుంది" అని డ్రైవర్ ముందే అద్దం మీద రాసుకుంటాడు. దాన్ని డయల్-ఇన్ అంటారు. స్లో కారుని ఆ తేడా మేరకు ముందు వదులుతారు. రాసుకున్న టైమ్ కంటే ఫాస్ట్‌గా వస్తే బ్రేకౌట్, ఓడిపోయినట్టే. ఇలాంటి రేస్‌లో క్లాస్ హార్స్‌పవర్ వల్ల పెద్ద తేడా రాదు. దాచుకోవడం ఈజీ.

కానీ ఎదురెదురుగా వచ్చిన రెండు కార్లూ ఒకే క్లాస్ అయితే సీన్ మారిపోతుంది. దాన్ని హెడ్స్-అప్ అంటారు. ఇద్దరికీ ఒకేసారి లైట్. డయల్-ఇన్ లేదు, బ్రేకౌట్ లేదు. ఎవరు ముందొస్తే వాళ్లే. ఇండియానాపోలిస్‌లో జరిగే యూఎస్ నేషనల్స్‌లో క్లాస్ టైటిల్స్ కోసం జరిగే రేసులు ఇలాంటివే. ప్రతి స్టాక్ రేసర్ కల అది.

ఇప్పుడు మీరే ఆ సీట్లో ఉన్నారనుకోండి. పక్క లేన్‌లో మీ క్లాస్ కారే. 300 మీటర్లు దాటారు. మీరు అర కారు ముందున్నారు. అవతలివాడు వదలట్లేదు. పూర్తిగా తొక్కితే గెలుస్తారు. కానీ టైమ్ పరిమితి దాటుతుంది, హార్స్‌పవర్ పడుతుంది. మీకే కాదు, మీకు ఆ కార్బ్యురేటర్ ట్యూనింగ్ నేర్పించిన పెద్దాయనకి కూడా పడుతుంది, ఆయనదీ అదే ఇంజిన్. వదిలేస్తే రేస్ పోవచ్చు. ఆలోచించడానికి రెండు సెకన్లు కూడా లేవు. రేస్ అంటే ఫాస్ట్‌గా వెళ్లడం కదా, ఫాస్ట్‌గా వెళ్లడానికి భయపడాల్సిన రేస్ ఏంటి అసలు?

నాకు ఇది చదివినప్పుడు నా పాత ఉద్యోగం గుర్తొచ్చింది. బీటెక్ అయ్యాక ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. కొత్త ఊపులో ఒక టెస్టింగ్ పనిని స్క్రిప్ట్ రాసి ఆటోమేట్ చేశాను. రెండు రోజుల పని మూడు గంటల్లో అయిపోయింది. గర్వంగా మీటింగ్‌లో చూపించాను. తర్వాతి నెల నుంచి మా టీమ్ అందరి టార్గెట్ పెరిగింది. ఆ స్క్రిప్ట్ వాడని వాళ్లది కూడా. మా సీనియర్ అక్క ఒకావిడ టీ దగ్గర మెల్లగా చెప్పింది: "బాబూ, త్వరగా అయితే త్వరగా చెయ్యి, శుక్రవారం దాకా చెప్పకు" అని. నేను ఆ రోజే శాండ్‌బ్యాగింగ్ నేర్చుకున్నాను. దానికి ఆ పేరుందని మాత్రం తెలీదు.

తప్పు ఆ అక్కది కాదు కదా. చూపించినవాడికి శిక్ష పడే సిస్టమ్‌లో దాచుకోవడమే తెలివి. ఆ సిస్టమ్ పెట్టినవాళ్లకి అందే డేటా కూడా అబద్ధమే అవుతుంది. కాగితం మీద అబద్ధాన్ని సరిచేయడానికి ట్రాక్ టైమ్‌ని నమ్మారు. ఇప్పుడు ట్రాక్ టైమ్ కూడా అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది.

"మరి డైనో మీద పెట్టి కొలవచ్చు కదా?" ఇదే మీ డౌట్ అయితే, మంచి డౌటే. డైనో అంటే కారు చక్రాలని రోలర్ మీద తిప్పి పవర్ కొలిచే మెషిన్. అమెరికాలో కొన్ని సర్క్యూట్ రేసింగ్ క్లాసుల్లో డైనో రీడింగ్ తోనే బరువు-పవర్ లెక్క కడతారు. కానీ ఒక డైనో రీడింగ్ ఇంకోదానితో కలవదు. ఎండ, తేమ, గాలి ఒత్తిడి బట్టి కరెక్షన్ చేయాలి. పైగా ఇప్పటి ఇంజిన్లు కంప్యూటర్ చెప్పినట్టు నడుస్తాయి. డైనో మీద ఒక మ్యాప్, ట్రాక్ మీద ఇంకో మ్యాప్. ఒక స్విచ్ చాలు.

సాఫ్ట్‌వేర్ వాడిగా చెప్తున్నా, ఇది చాలా సింపుల్ కోడ్. 2015లో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ స్కామ్ ఇదే కదా. టెస్ట్ జరుగుతోందని కారు కనిపెట్టేది. టెస్ట్‌లో బుద్ధిగా ఉండేది, రోడ్డు మీద పొగ వదిలేది. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉంది. ప్రభుత్వాలే కనిపెట్టడానికి ఏళ్లు పట్టింది. వీకెండ్ రేస్ పెట్టే నలుగురు వాలంటీర్లు ఎలా పట్టుకుంటారు?

"పోనీ సీసీ బట్టి పెట్టేస్తే?" మన ఇండియాలో బైక్ డ్రాగ్ రేసుల్లో ప్రధానంగా అదే పద్ధతి. చెన్నై దగ్గర మద్రాస్ ట్రాక్‌లో జరిగే పోటీలు చూడండి, సీసీ బట్టి క్లాసులు, టూ-స్ట్రోక్, ఫోర్-స్ట్రోక్ వేరు. ఎందుకు వేరు? ఆర్ఎక్స్ 100 తీసుకోండి, 98 సీసీ, 11 హెచ్‌పీ. స్ప్లెండర్ 97 సీసీ, సుమారు 8 హెచ్‌పీ. సీసీ దాదాపు ఒకటే, పవర్ మాత్రం ఒకటి కాదు. సీసీలో ఒక ప్లస్ ఉంది: ఇంజిన్ విప్పి కొలిస్తే తేలిపోతుంది, ఎద్దు పళ్లలాగా. కానీ డిజైన్‌లో ముందున్న బండి ఎప్పుడూ గెలుస్తుంది. అందరూ అదే బండి కొనాల్సి వస్తుంది. ఊళ్లో ఉన్న మిగతా బండ్లన్నీ షెడ్డుకే.

ఇంకో దారి ఉంది. అసలు పవర్ గొడవే వద్దు, టైమ్ ఫిక్స్ చేసేయడం. ఎన్‌హెచ్‌ఆర్ఏలోనే సూపర్ కాంప్ 8.90 సెకన్లు, సూపర్ గ్యాస్ 9.90, సూపర్ స్ట్రీట్ 10.90. ఆ టైమ్‌కి దగ్గరగా రావాలి, దాటి ఫాస్ట్‌గా వస్తే అవుట్. ఇది చాలా ఫెయిర్. పేద, ధనిక తేడా కూడా తగ్గుతుంది. కానీ ఇక్కడ ఇంజిన్ బాగా కట్టినందుకు దక్కేది ఏమీ లేదు. డ్రైవర్ రియాక్షన్, అంచనా, అంతే. ఇంజిన్‌లో అర హార్స్‌పవర్ వెతుక్కుంటూ తెల్లవార్లు షెడ్డులో కూర్చునే మనిషికి ఇది ఆనదు.

పాత కార్ల వాళ్లకి ఇంకో కోపం కూడా ఉంది. 2008లో ఫోర్డ్ మళ్లీ కోబ్రా జెట్ మస్టాంగ్ తెచ్చింది, 50 కార్లు, రోడ్డు మీదకి పనికిరావు, రేస్ కోసమే. డాడ్జ్ చాలెంజర్ డ్రాగ్ పాక్ వచ్చింది. 2012లో షెవర్లే కోపో కమారో, 69 కార్లు. ఇవన్నీ స్టాక్‌లోకి వచ్చాయి. కొత్త ఇంజిన్‌కి మొదటి నంబర్ ఎంత వేయాలి? తక్కువ వేస్తే 1969 కారుని ఇరవై ఏళ్లుగా సానబెట్టినవాడు, డబ్బు పెట్టి కొన్న కొత్త కారు చేతిలో ఓడిపోతాడు. ఎక్కువ వేస్తే కంపెనీలు రావు. 1968లో ఉన్న ప్రశ్నే, నలభై ఏళ్ల తర్వాత మళ్లీ అదే పేరున్న కారుతో.

సో, నేను ఎక్కడ తేలాను?

హార్స్‌పవర్ సరిచేయడం అవసరమే. అది లేకపోతే అబద్ధం రాసిన కంపెనీ గెలుస్తుంది. కానీ సరిచేసే పద్ధతి రెండు విషయాల్ని విడదీసి చూడాలి: ఇంజిన్‌కి తక్కువ రాసిన నంబర్ ఒకటి, మనిషి పెట్టిన కష్టం ఇంకొకటి. ట్రాక్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఫాస్ట్ టైమ్. అదే అసలు చిక్కు.

విడదీయడానికి ఒక క్లూ ఉంది. ఒకే ఇంజిన్‌తో పదిమంది ఉన్నారు, అందులో ఒక్కడే రాకెట్‌లా పోతున్నాడంటే అది చాలావరకు ఆ మనిషి పనితనం. పదిమందిలో ఏడుగురు ఫాస్ట్ అంటే నంబర్ తప్పు. మేం సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ స్పీడ్ చూసేటప్పుడు ఒక్క బెస్ట్ రెస్పాన్స్ చూసి నిర్ణయాలు తీసుకోం, మధ్యలో ఉన్నవాళ్ల అనుభవం చూస్తాం. ఇక్కడా అంతే. ఒక్క పరుగు చూసి అందరికీ శిక్ష వేయకూడదు. మధ్యవాడిని చూడాలి.

"మధ్యవాడు కూడా దాచుకుంటే?" దాచుకోవడం చాలావరకు చివరి వంద మీటర్లలో జరుగుతుంది. డ్రాగ్ స్ట్రిప్ టైమ్ స్లిప్‌లో చివరి టైమ్ ఒక్కటే ఉండదు. 60 అడుగులు, 330 అడుగులు, సగం దూరం, 1,000 అడుగులు, అన్ని చోట్లా టైమ్ పడుతుంది. సగం దూరం స్పీడ్ చూస్తే ఇంజిన్ దమ్ము ఎంతో చాలావరకు తెలిసిపోతుంది. ఆ డేటా ముందునుంచీ ఉంది. ఇది కూడా మోసం చేయలేనిదని చెప్పను. గేర్ ముందే మార్చొచ్చు, సీటు కింద సీసం పెట్టుకుని రావొచ్చు. కానీ దాచడం కష్టమయ్యేకొద్దీ దాచేవాళ్లు తగ్గుతారు.

ఇంకొకటి, నంబర్ మార్చాలంటే సీజన్ అయిపోయాక, లెక్క అందరికీ చూపించి మార్చాలి. ఓడిపోవడం కంటే మనిషికి ఎక్కువ కోపం తెప్పించేది, ఎందుకు ఓడిపోయాడో తెలియకపోవడం. మా టార్గెట్లు పెరిగినప్పుడు కూడా మాకు మండింది పెరిగినందుకు కాదు. ఎవరూ లెక్క చూపించలేదు.

ఇక మన ఎద్దుల దగ్గరికి. అక్కడ గెలిచిన జత మీద ఎవరూ ఎక్స్‌ట్రా బండ వేయరు. ఎందుకంటే పళ్లు అబద్ధం చెప్పవు. విభాగం కరెక్ట్ అని అందరికీ నమ్మకం ఉంది. అందుకే గెలుపు ఆ రైతు మేపిన మేతకి, తిప్పిన తిప్పుడుకి దక్కుతుంది. ఓడిన ఆయన కూడా వచ్చి ఆ గిత్త మూపురం నిమిరి వెళ్తాడు. డ్రాగ్ రేసింగ్‌లో పళ్లలాంటి నంబర్ ఇంకా దొరకలేదు. దొరికేదాకా కనీసం ఫుల్‌గా తొక్కినవాడు భయపడకుండా ఉండేలా రూల్ రాయాలి.

మీ ఆఫీసులో, మీ కాలేజీలో, మీ ఊరి పోటీల్లో ఇలా బాగా చేసినందుకే బరువు పెరిగిన సందర్భం ఉంటే ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ రూల్ మీరే రాయాల్సి వస్తే ఎలా రాస్తారో ఆలోచించండి. నాకైతే ఇంజిన్ కట్టడం కంటే అదే కష్టం అనిపించింది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. హెల్మెట్ పెట్టుకోండి. రేస్ ట్రాక్ మీదే.